చుట్టాలొచ్చిన మేడ

నూజివీడులో తాపీపని చేసేవాళ్ళలో క్రీస్తుదాసుకి మంచి పేరుండేది. అతను కట్టిన గోడ నిలువు తప్పేది కాదు. నూతికి ఒర కడితే ఎన్ని వానలొచ్చినా ఇటుక కదిలేది కాదు. పనితనంతోపాటు ఇంకో సంగతి కూడా ఊళ్ళో చెప్పుకునేవారు. క్రీస్తుదాసు ఎవరికీ కాదనడు. ఎవరేం చెప్పినా "అట్టాగేనండి" అంటాడు. ఒకే గోడ గురించి ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఇద్దరికీ "అట్టాగేనండి" అనేసి, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, ఇద్దరి మాటా ఎలా చెల్లించాలో తెలియక తల పట్టుకుంటాడు. అతని భార్య లేయా మామిడితోటల్లో కూలికి వెళ్ళేది. ఒక్కసారి కాదంటే ఏమవుతుందని ఆమె చాలాసార్లు అడిగింది. దానికీ అతను సరేనన్నట్టే తలూపేవాడు.

1948 మాఘమాసంలో, తోటలు పూతమీద ఉండగా, పాతమేడ నుంచి అతనికి కబురొచ్చింది.

పాతమేడ రామచంద్రరావుగారిది. ఆయన జమీందారీ కుటుంబానికి దూరపు దాయాది. కొన్నేళ్ళ క్రితమే భార్యాపిల్లలతో బెజవాడలో కాపురం పెట్టారు. అంత మేడలోనూ మిగిలింది ఆయన మేనత్త సుబ్బరత్నమ్మ, ఆవిడకొక వంటమనిషి, వీధి గదిలో లెక్కలు చూసే దశరథరామయ్య పంతులు. సుబ్బరత్నమ్మ చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అరవయ్యేళ్ళు దాటినా ఊరంతా ఆవిణ్ణి ఇప్పటికీ చిన్నదొరసాని అనే పిలిచేవారు. గుడికి తప్ప ఆవిడ గడప దాటేది కాదు.

క్రీస్తుదాసు తండ్రి ఆ మేడకి ఏటేటా సున్నం మోశాడు. పెరటి దారిన వచ్చి పెరటి దారినే పోయాడు. లోపల ఎన్ని గదులున్నాయో ఆయనకి తెలియదు. అందుకే, పంతులుగారు వీధి గుమ్మంలో నిలబడి లోపలికి రమ్మంటే, క్రీస్తుదాసుకి ఆ మాట తనతోనే అన్నారా అని అనుమానం వచ్చింది. వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

పంతులుగారు సంగతంతా వివరించారు. జమీలు రద్దు చేసే చట్టం వస్తోంది. రావుగారికి ఇకనుంచి శిస్తులు రావు. మరోపక్క రజాకార్ల భయానికి నైజాం సరిహద్దు దాటి తిరువూరు మీదుగా కుటుంబాలకి కుటుంబాలు వచ్చేస్తున్నాయి. ఊళ్ళో అద్దెకి ఒక్క గది దొరకడం లేదు. పశువుల కొట్టాల్లో కూడా సంసారాలు పెట్టారు. అందుకని మేడని ఆరు వాటాలు చేసి అద్దెకివ్వాలని రావుగారు నిశ్చయించారు. ప్రతి వాటాకీ విడిగా ఒక వంటిల్లు ఉండాలి, విడిగా ఒక గుమ్మం ఉండాలి. ఒకరి వాటాలోంచి ఇంకొకరు నడవకూడదు.

"అర్థమైందా?" అని అడిగారు పంతులుగారు.

"అట్టాగేనండి" అన్నాడు క్రీస్తుదాసు. అతనికేమీ అర్థం కాలేదు.

ఆ మేడ అద్దెల కోసం కట్టింది కాదు. ఏ గదికి చూసినా నాలుగువైపులా తలుపులే. గాలి తిరగాలని, మనుషులు ఎటునుంచి ఎటైనా పోవాలని కట్టించారు. ఒక గదిని వేరు చేయాలంటే మూడు తలుపులు మూయాలి. అవి మూస్తే పక్క గదికి దారి పోతుంది. పక్క గదికి దారి ఇస్తే దాని అవతల గది చీకటైపోతుంది. క్రీస్తుదాసు తాడు పట్టుకుని మొదటి పూటంతా తిరిగాడు. సావిట్లోంచి బయల్దేరి, మండువా చుట్టూ తిరిగి, మెట్ల కింద నుంచి వెళ్ళి, మళ్ళీ సావిట్లోనే తేలాడు. సుద్దముక్కతో గోడల మీద గుర్తులు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం చూసుకుంటే ఒకే గదికి రెండు వాటాల గుర్తులున్నాయి.

సిమెంటు కంట్రోలు మీద, పర్మిట్టు ఉంటేనే దొరికేది, అదీ చాలా కొద్దిగా. గానుగ సున్నంతోనే పని మొదలుపెట్టాడు. పాత తలుపు రెక్కలు ఊడదీయించి పెరట్లో ఒకదానిమీద ఒకటి పేర్చారు. ఆ ఖాళీల్లో ఇటుక కట్టడం మొదలైంది. మొదటి వారంలోనే ఒక తెల్లవారుజామున సుబ్బరత్నమ్మ తులసికోటకి నీళ్ళు పోయడానికి అలవాటైన దారిన వెళ్ళి, చెంబుతో సహా పచ్చిగోడకి కొట్టుకుంది. యాభై ఏళ్ళుగా ఆవిడ ఆ దారిన దీపం లేకుండా నడిచింది.

ఆ పొద్దున్నే క్రీస్తుదాసుని పిలిపించింది. ఆవిడ గుమ్మం లోపల, ఓరగా వేసిన తలుపు వెనక నిలబడింది. అతను మండువాలో నిలబడ్డాడు.

"ఏరా దాసూ, చుట్టాలొస్తున్నారంటే మావాడు మేడ బాగుచేయిస్తున్నాడనుకున్నాను. చుట్టాలకి మధ్యన గోడలెందుకురా?"

క్రీస్తుదాసు పక్కనున్న పంతులుగారి వైపు చూశాడు. పంతులుగారు మండువా చూరు వైపు చూశారు. క్రీస్తుదాసు "ఏమోనండి" అన్నాడు. పోనీ కట్టిందేదో కట్టావు, చుట్టాలకి ఫలహారం అందించడానికి నా వసారాలోకి ఒక కిటికీ అన్నా వదులు అని ఆవిడ చెప్పింది. "అట్టాగేనండి" అన్నాడు.

తర్వాత పంతులుగారు అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పారు. మేడ అద్దెకిస్తున్నామంటే పెద్దావిడ కుమిలిపోతుందని, నైజాం వైపు చుట్టాలు కొన్నాళ్ళుండి పోతారని రావుగారే ఆవిడకి చెప్పారట. అబద్ధం తనకీ ఇష్టం లేదట. కానీ ఉద్యోగం రావుగారి దగ్గర. క్రీస్తుదాసు కూడా నోరు విప్పకూడదు. దానికీ "అట్టాగేనండి" అన్నాడు.

ఎండలు ముదిరేసరికి మేడ ఒక రూపానికి వచ్చింది. ఏ రూపమని మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. పంతులుగారి కోసం మూసిన చోట సుబ్బరత్నమ్మ కోసం కిటికీ పెట్టాడు. ఆవిడ తెరవమన్న చోట పంతులుగారు మూయమన్నారు. మేడ మెట్లు ఒక వాటాలోకి పోయాయి, మేడమీది గదులు ఇంకో వాటాలోకి పోయాయి. దాంతో బయటినుంచి కొయ్య మెట్లు వేయాల్సి వచ్చింది. నుయ్యి రెండు వాటాల సరిహద్దులో పడింది. వచ్చేవాళ్ళలో ఒకరు తోడిన చోట ఇంకొకరు తోడరని పంతులుగారు నూతి మధ్యన అడ్డుగోడ లేపమన్నారు. చెరో గిలక పెట్టారు. అవతలి గిలక కిర్రుమంటే ఇవతలివాళ్ళు అవతల ఎవరో ఉన్నారని తెలుసుకునేవారు.

గోడలు ఇంకా ఆరకముందే కుటుంబాలు వచ్చి దిగాయి. ముందుగా వచ్చింది నాగమణి కుటుంబం. మధిర వైపు నుంచి, భర్త, అత్తగారు, ముగ్గురు పిల్లలు, రెండు బళ్ళ సామానుతో వచ్చారు. గదులు పూర్తయి పసుపునీళ్ళు చల్లి వాళ్ళు కాపురం పెట్టాక, క్రీస్తుదాసుకి తాను కట్టిన గదిలోకే తాను అడుగు పెట్టడానికి వీల్లేకపోయింది. పైకప్పు కారుతోందని పిలిస్తే, బయట నిలబడి ఎక్కడ కారుతోందో వాళ్ళ మాటలనుబట్టి ఊహించుకోవాల్సి వచ్చేది.

నాగమణి వాళ్ళు దిగిన సాయంత్రమే వసారా కిటికీలోంచి సుబ్బరత్నమ్మ వంటమనిషి చేత పులిహోర, అప్పాలు, పెరుగు పంపించింది. మర్నాడూ పంపించింది. ఆ తర్వాత వచ్చిన కుటుంబాలకీ పంపించింది. రెండు పూటలా కిటికీ దగ్గర కూర్చుని ఏ ఊరు, మీ అమ్మమ్మగారిదేవూరు, మా వాళ్ళకి మీరెలా చుట్టాలు అని అడిగేది. రజాకార్ల భయంతో అర్ధాంతరంగా ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు ఆ మాటలకి గతం తవ్వుకుని ఏదో ఒక దూరపు వరస వెతికి చెప్పేవారు.

నాగమణి ఒకరోజు క్రీస్తుదాసుని పక్కకి పిలిచి, ఈ ఊళ్ళో అద్దెలో భోజనం కూడా కలిపే ఉంటుందా అని అడిగింది. క్రీస్తుదాసు ఏమోనన్నాడు. అదేరోజు సుబ్బరత్నమ్మ అడిగింది. చుట్టాలకి మన వంట నచ్చలేదా, వేరే పొయ్యి ఎందుకు పెట్టుకున్నారు, కాళ్ళు కడుక్కోమంటే మొహమాటపడతారెందుకు అని. దానికీ ఏమోనన్నాడు. ఇద్దరి ప్రశ్నలకీ జవాబు పంతులుగారితోపాటు తనకీ తెలుసు. ఆ జవాబు చెప్పనని తాను ఒప్పుకున్నాడు. ఇటుక మీద ఇటుక పెడుతూ అతను ఆ సంగతే ఆలోచించేవాడు. ఎవరిని మోసం చేస్తున్నాడో తేలేది కాదు. గోడ కట్టమన్నారు, కట్టాడు. మాట్లాడొద్దన్నారు, మాట్లాడలేదు. ఇందులో తన తప్పేముందనుకునేవాడు. ఆ వెంటనే, తప్పు లేకపోతే ఆవిడ గొంతు వినపడగానే ఇంకో గదిలోకి ఎందుకు తప్పుకుంటున్నాననుకునేవాడు.

చిన్నరసాలు దిగిన రోజుల్లో లేయాకి తోటలో ఊపిరాడని పని. కాయలు గడ్డిలో పేర్చి గంపలకెత్తి హనుమాన్ జంక్షన్‌కి పోయే బళ్ళకి అందించాలి. ఒక సాయంత్రం ఇంటికొచ్చి కూర్చున్నాక క్రీస్తుదాసు ఆమెకి మేడ సంగతంతా మొదటినుంచీ చెప్పాడు. ఆమె చేతులకంటిన మామిడి జీడి రుద్దుకుంటూ వింది.

"ఆవిడ ఇల్లు ఆవిడకి తెలియకుండానే చేజారిపోతోంది" అంది చివరికి. "ఆ గోడ కట్టేది నువ్వు."

"నేను కట్టకపోతే ఇంకో మేస్త్రి కడతాడు."

"కట్టనీ. అప్పుడది నీ గోడ కాదుగా."

ఆ మాట సరైనదో కాదో అతనికి తెలియలేదు. పని మానేస్తే ఆవిడకేం మేలు? మానకపోతే తనకేం మేలు? మర్నాడు మామూలుగానే పనికి వెళ్ళాడు.

శ్రావణంలో పంతులుగారు బెజవాడ వెళ్ళి కొత్త ఆజ్ఞతో వచ్చారు. ఇంకా కుటుంబాలు అడుగుతున్నాయి కాబట్టి పెద్దావిడ ఉంటున్న లోపలి లోగిలిని కూడా రెండు వాటాలు చేయాలి. సుబ్బరత్నమ్మని ఆసుపత్రిలో చూపించే మిషతో బెజవాడ తీసుకెళ్ళి అక్కడే ఉంచుకుంటారు. ఆవిడ బండెక్కిన రోజునే పలుగు వేయాలి. కొలతలు మాత్రం ముందే తీసిపెట్టుకోవాలి.

క్రీస్తుదాసు "అట్టాగేనండి" అన్నాడు. తాడు తీసుకుని లోగిలి దాకా వెళ్ళి, అక్కడ తాడు విప్పకుండా నిలబడిపోయాడు.

సరిగ్గా ఆ పూటే నాగమణి అద్దె తెచ్చింది. పంతులుగారు వీధి గదిలో కనిపించకపోతే, ఇంటి పెద్దావిడకిస్తే సరిపోతుందనుకుని, గుడ్డలో కట్టిన డబ్బు వసారా కిటికీలోంచి సుబ్బరత్నమ్మ చేతిలో పెట్టి, ఈ నెల అద్దె అని చెప్పి వెళ్ళిపోయింది.

సుబ్బరత్నమ్మ ఆ మూట పట్టుకుని లోగిట్లోకి వచ్చింది. అక్కడ క్రీస్తుదాసు ఉన్నాడు. ఈసారి ఆవిడ తలుపు వెనక నిలబడలేదు. వసారా అంచుదాకా వచ్చింది.

"దాసూ, ఆ పిల్ల అద్దె అంటోందిరా. చుట్టాలు అద్దె ఇవ్వడమేంటి?"

అతను విప్పని తాడుని చేతికి చుట్టుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఏమోనండి అనకు."

"వాళ్ళు చుట్టాలు కాదండి" అన్నాడు క్రీస్తుదాసు. "అద్దెకున్నారండి. అందరూ అద్దెకే ఉన్నారు. మేడంతా వాటాలేసింది అందుకేనండి."

ఆవిడ ఆ మూటని వసారా అరుగు మీద పెట్టింది. చాలాసేపు చుట్టూ చూసింది, ఆ గోడలన్నీ ఆ క్షణంలోనే లేచినట్టు. ఇన్నాళ్ళూ తెలిసి కూడా చెప్పలేదేమని తనని నిలదీస్తుందని క్రీస్తుదాసు అనుకున్నాడు. ఆవిడ అది అడగలేదు.

"మరి నా వాటా ఏదిరా?"

ఈ ప్రశ్నకి అతని దగ్గర ఎవరికీ ఇవ్వనని మాటిచ్చిన జవాబు ఉంది. ఆసుపత్రి సంగతి, బెజవాడ సంగతి, లోగిలిని రెండు చేసే సంగతి అన్నీ చెప్పేశాడు. పంతులుగారి ముఖం, రావుగారి ముఖం, పోబోయే పని అన్నీ కళ్ళముందు కదిలాయి. మొత్తం చెప్పాక, ఇంత చెప్పి ఉండాల్సింది కాదేమో అనుకున్నాడు. అంతలోనే, ఇంకా ముందే చెప్పి ఉండాల్సిందేమో అని కూడా అనిపించింది.

సుబ్బరత్నమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రాత్రి కిటికీలోంచి ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు. మేడలోని కుటుంబాలన్నీ పెద్దావిడకి ఒంట్లో బాగోలేదేమో, తాము ఏమన్నా పొరపాటు చేశామేమో అని తమలో తాము అనుకున్నాయి. నాగమణి పెరుగన్నం చేసి అదే కిటికీలోంచి లోపలికి పంపింది. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది, కానీ అది ఎవరు తిన్నారో తెలియలేదు.

మూడోరోజు పొద్దున సుబ్బరత్నమ్మ పంతులుగారినీ, క్రీస్తుదాసునీ ఇద్దరినీ పిలిచింది. ఆవిడకి తల్లి పసుపుకుంకాల కింద ఇచ్చిన మామిడితోట ఒకటుంది, బాపులపాడు దారిలో. దాని మీద ఇంకెవరికీ హక్కు లేదు. ఏటా కాపు అమ్మిన డబ్బు రావుగారి లెక్కలోనే కలిసిపోయేది, ఆవిడెప్పుడూ అడగలేదు. ఇకనుంచి ఆ డబ్బు తనకే తెచ్చివ్వాలని పంతులుగారికి చెప్పింది. పెరటివైపున్న రెండు గదులూ, వసారా కలిపి వాటా చేయమని క్రీస్తుదాసుకి చెప్పింది.

"దానికి అద్దెంతో రావుని అడిగి చెప్పండి" అంది పంతులుగారితో. "చుట్టంగా ఉంటే బెజవాడ తీసుకెళ్ళిపోతాడు. అద్దెకున్నవాళ్ళని ఊరికే తీసుకెళ్ళలేరుగా."

పంతులుగారికి చెమటలు పట్టాయి. యజమాని మేనత్త దగ్గర అద్దె తీసుకోవచ్చునా? తీసుకుంటే ఏమని రాసుకోవాలి? తీసుకోకపోతే ఆవిడ వాటాలో ఉన్నట్టా, లేనట్టా? బొగ్గుతో నడిచే బస్సెక్కి బెజవాడ వెళ్ళొచ్చారు. రావుగారు అవునని అనలేదు, కాదని అనలేదు. లోగిలి పని మాత్రం అనుకున్నట్టే కానివ్వమన్నారు. ఆ మాట పంతులుగారు క్రీస్తుదాసుకి చెప్పారు.

"రావుగారు రెండు వాటాలన్నారు."

"అమ్మగారు తన వాటా చేయమన్నారండి."

"మరి నువ్వేమన్నావు?"

"ఇద్దరికీ అట్టాగేనన్నానండి." తల దించుకునే మళ్ళీ అన్నాడు. "కానీ పంతులుగారూ, ఆవిడ ఉండగా ఆ లోగిట్లో నేను పలుగు వేయలేనండి. ఇంకెవరినన్నా చూసుకోండి."

పంతులుగారు ఇంకెవరినీ చూడలేదు. ఎందుకు చూడలేదో ఆయనా చెప్పలేదు. క్రీస్తుదాసు పెరటివైపు రెండు గదుల్నీ విడదీసి, పొయ్యి కట్టి, పొగగూడు లేపి, ఒక గుమ్మం పెట్టాడు. గుమ్మానికి పెరట్లో పేర్చిన పాత రెక్కల్లోంచి ఒక జత బిగించాడు.

భాద్రపదం వెళ్ళకముందే పోలీసు చర్య ముగిసి, నైజాం లొంగిపోయిందన్న వార్త వచ్చింది. మేడంతా ఒకేసారి సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది. నాగమణి వెళ్తూ కిటికీ దగ్గరికొచ్చింది. సుబ్బరత్నమ్మ ఆమెకి మాగాయ జాడీ ఒకటి ఇచ్చింది. మళ్ళీ రండి అనబోయి ఆగింది. అద్దెకున్నవాళ్ళని మళ్ళీ రమ్మనచ్చో లేదో ఆవిడకి తెలియలేదు. నాగమణి ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టాలని వంగి, మధ్యన గోడ ఉండటంతో కిటికీ చట్రానికే పెట్టి వెళ్ళిపోయింది.

బళ్ళు వెళ్ళిపోయాక మేడ మళ్ళీ ఖాళీ అయింది. వాటాలు మాత్రం అలాగే ఉన్నాయి. అద్దెకొచ్చేవాళ్ళు లేరు. గోడలు తీసేయిస్తారని కొందరన్నారు, తహసీలు ఆఫీసుకిస్తారని కొందరన్నారు. కార్తీకంలో రావుగారు క్రీస్తుదాసుని బెజవాడ రమ్మని కబురు పెట్టారు. లేయా ఉతికిన చొక్కా ఇచ్చింది. ఏం మాట్లాడాలో ఆమె కూడా చెప్పలేదు.

రావుగారు వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. కోప్పడలేదు. అత్తయ్యకి చెప్పిందెవరని మాత్రం అడిగారు.

"నేనేనండి" అన్నాడు క్రీస్తుదాసు.

"నిన్ను చెప్పమన్నదెవరు?"

"ఆవిడే అడిగారండి."

రావుగారు లేచి వరండా అంచుదాకా వెళ్ళి రోడ్డు మీద బళ్ళని చూశారు. తర్వాత, అత్తయ్య వాటా కారుతోందా అని అడిగారు. కారడం లేదని క్రీస్తుదాసు చెప్పాడు. సరే వెళ్ళమన్నారు. ఆ సరేకి అర్థం ఏమిటో అతనికి బోధపడలేదు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారుతూ, లారీల మధ్య నిలబడి, తనకి పని ఉందా పోయిందా అని చాలాసేపు ఆలోచించాడు. వాటా కారుతోందా అని రావుగారు ఎందుకడిగారో కూడా తేలలేదు. ఆవిడ మీద ప్రేమతోనా, అద్దె తీసుకోవాలా వద్దా అన్న సందేహంతోనా?

ఊళ్ళోకి వచ్చేసరికి పంతులుగారు బస్సు దగ్గరే ఎదురుచూస్తున్నారు. ఏమన్నారని అడిగారు. సరే అన్నారని చెప్పాడు. పని ఉన్నట్టేనా అని క్రీస్తుదాసు అడిగితే, ఆ సంగతి తనకీ తెలియదని పంతులుగారు ఒప్పుకున్నారు.

"రేపు వచ్చేయ్" అన్నారు. "ఎవరూ వద్దనకపోతే ఉన్నట్టే."

మర్నాడు క్రీస్తుదాసు తాపీ, తట్ట పట్టుకుని మేడకి వెళ్ళాడు. వీధి గుమ్మంలోంచి వెళ్ళాలా, పెరట్లోంచి వెళ్ళాలా అని ఒక్క క్షణం నిలబడ్డాడు. సుబ్బరత్నమ్మ కొత్త వంటింట్లోంచి దగ్గుతూ బయటికొచ్చింది. పొయ్యి రాజేస్తే పొగంతా గదిలోకే వస్తోందని, గూడు ఇంకొంచెం ఎత్తు లేపమని చెప్పింది. అతను నిచ్చెన వేసుకుని పైకెక్కాడు.